అయస్కాంతాల నీటి అణువుల కిట్: దిశ కరెక్టు, బలం తప్పు

నేను కెమిస్ట్రీ టీచర్ని. హైడ్రోజన్ బంధం, అంటే ఒక నీటి అణువులోని హైడ్రోజన్‌కి పక్క అణువులోని ఆక్సిజన్‌తో ఉండే ఆకర్షణ, దాని గురించి బోర్డు మీద చుక్కల గీతలు గీసి గీసి విసుగొచ్చి ఈ కిట్ కొన్నాను. వాడబట్టి రెండు నెలలైంది.

పెట్టెలో 12 ఎర్ర బంతులు (ఆక్సిజన్), ఒక్కోదానికి రెండేసి తెల్ల బంతులు (హైడ్రోజన్). ఎర్రదాని వెనక రెండు చోట్ల, తెల్లదాని కొసన ఒక చోట చిన్న అయస్కాంతాలు దాచారు. ఆక్సిజన్ ఎలక్ట్రాన్లను తనవైపు లాక్కుంటే హైడ్రోజన్ దగ్గర కాస్త ధనావేశం తేలుతుంది కదా, ఆ ఆకర్షణకు బదులు ఇవి. రెండు అణువుల్ని ఎలా పడితే అలా దగ్గరికి తెస్తే అతుక్కోవు. ఒకటి మెల్లగా తిరిగి, తెల్ల కొసను ఎదుటి ఎర్రదాని వీపుకి ఆనిస్తుంది. ఆ తిరగడం వేళ్లకి తెలుస్తుంది చూడండీ, దాన్ని ఏ బోర్డు మీదా చూపించలేం.

ఆరు అణువుల్ని వలయంగా పేర్చితే మధ్యలో ఖాళీ మిగిలింది. మంచులో ఉండేది ఈ ఖాళీయే. మంచు కరిగినట్టుగా పెట్టెలో వేసి గిలకొట్టాం, వలయం విరిగి అణువులు ఒకదాని సందులోకి ఒకటి జారి, నీటిలోలా దగ్గరగా సర్దుకున్నాయి. మంచు నీటి మీద ఎందుకు తేలుతుందో నేను నోరు విప్పకముందే వెనక బెంచీవాడు చెప్పేశాడు.

ఇక గొడవంతా బలం దగ్గరే. తెల్లబంతిని ఎర్రబంతికి కలిపే పిన్ను మరీ వదులు. అణువుల్ని విడదీద్దామని లాగితే తెల్లబంతే ఊడొస్తుంది. ఒకమ్మాయి అడిగింది: "అయితే మేడమ్, నీళ్లు మరిగితే హైడ్రోజన్ విడిపోతుందా?" ఏ పొరపాటు పోగొట్టాలని కొన్నానో, కిట్ దాన్నే నేర్పింది! అణువు లోపలి ఓ-హెచ్ (ఆక్సిజన్-హైడ్రోజన్) బంధం తెంచాలంటే మోలుకి సుమారు 460 కిలోజౌళ్లు కావాలి. అణువుల మధ్య హైడ్రోజన్ బంధానికి 20 చాలు. మరిగినప్పుడు తెగేది ఈ రెండోదే.

అలాగని 20 అంటే చులకన కాదు. హైడ్రోజన్ సల్ఫైడ్ అణువు నీటి అణువు కంటే బరువైనదే, అయినా మైనస్ 60 డిగ్రీలకే మరిగిపోతుంది. నీటిని 100 దాకా పట్టి ఉంచేది ఈ బంధాలే.

బుక్‌లెట్ సంగతి అడక్కండి. హైడ్రోజన్ ఉన్న ప్రతి అణువూ ఇలా అతుక్కుంటుందన్నట్టు రాశారు. మరి మీథేన్‌లో నాలుగు హైడ్రోజన్లు ఉండీ ఏం లాభం? ఆ హైడ్రోజన్ ఫ్లోరిన్, ఆక్సిజన్, నైట్రోజన్ లాంటిదాన్ని పట్టుకుని ఉండాలి. ఆ పేజీ చించేశాను.

అయిదుకి మూడు స్టార్లు. కొంటే మాత్రం తెల్లబంతుల్ని గట్టి గ్లూతో అతికించేయండి, అయస్కాంతం వైపు అంటనివ్వొద్దు. ఆరడానికి ఒక రాత్రి పడుతుంది, కాబట్టి క్లాసుకి ముందురోజే ఆ పని కానివ్వండి.