ఆవకాయా, మాగాయా?

మా స్నేహితుల్లో ఏటా వేసవిలో తెగని పంచాయితీ ఇది. రెండూ పచ్చిమామిడితోనే, కానీ దారులు వేరు.

ఆవకాయకి కాయను టెంకతో సహా కొట్టించాలి. ఆవపిండి, కారం, ఉప్పు, నువ్వుల నూనె కలిపి జాడీలోకెత్తితే మూడో రోజు తిరగకలపడమే. కాయ కొట్టేటప్పుడు తడి తగలకూడదని ఇంట్లో అందరికీ టెన్షన్, అంతే.

మాగాయకి ఓపిక కావాలి. చెక్కు తీసి, ముక్కలు తరిగి, ఉప్పు, పసుపు వేసి మూడు రోజులు ఊరబెట్టాలి. తర్వాత ముక్కల్ని పిండి ఎండలో పెట్టాలి, ఊటనీ ఎండబెట్టాలి. అవి మళ్లీ కలిశాకే కారం, మెంతిపిండి, ఇంగువ పోపు. మబ్బు పట్టిందా, పని వాయిదా.

వేడన్నం, ముద్దపప్పు, నెయ్యి ఉంటే నా ఓటు ఆవకాయకే. ఆ ఆవఘాటు ముక్కుకెక్కాల్సిందే. కానీ పెరుగన్నంలోకి మాగాయ టెంక చీకుతుంటే (అవును, కొందరు టెంకలూ వేస్తారు) మాట మార్చేస్తాను. పైగా మాగాయని పెరుగులో కలిపి పోపేస్తే పెరుగుపచ్చడి అవుతుంది. ఆవకాయతో అలా చేసి చూశాం ఒకసారి. గిన్నె ఇంకా ఫ్రిజ్‌లోనే ఉంది.