రూట్ కెనాల్ అయ్యాక ఫిల్లింగ్ చాలా, క్యాప్ (పన్నుకి వేసే తొడుగు) వేయించాలా?

నొప్పి తగ్గగానే చాలామంది క్యాప్ సంగతి వదిలేస్తారు. దవడ పన్ను విషయంలో అలా చేయొద్దు.

ఖర్చు: ఫిల్లింగ్‌కి తక్కువ. క్యాప్‌కి బాగా ఎక్కువ, అందులోనూ మెటల్ సిరామిక్ (లోపల లోహం, పైన సిరామిక్) క్యాప్ కంటే జిర్కోనియా (లోహం లేని గట్టి సిరామిక్) క్యాప్ ఖరీదు.

శ్రమ: ఫిల్లింగ్ మామూలుగా ఒక్క సిట్టింగ్‌లో అయిపోతుంది. క్యాప్‌కి పన్ను చుట్టూ అరగదీసి, కొలత తీసుకుని, సాధారణంగా మళ్లీ రమ్మంటారు.

రిస్క్: అసలు తేడా ఇక్కడే. పుచ్చు తీసి, లోపలికి దారి చేసేసరికి పన్ను గోడలు బలహీనపడతాయి. పైన ఫిల్లింగ్ ఒక్కటే ఉంటే ఏ జంతికో, మటన్ ఎముకో కొరికినప్పుడు దవడ పన్ను చీలిపోవచ్చు. చీలిక వేరుదాకా పోతే చాలాసార్లు పన్ను పీకించుకోవాల్సిందే. ఆ తర్వాత ఇంప్లాంట్ (ఎముకలో స్క్రూ బిగించి పెట్టే కృత్రిమ పన్ను) అంటే క్యాప్ కంటే ఎంతో ఎక్కువ ఖర్చు. క్యాప్ ఆ ఒత్తిడి నుంచి పన్నును కాపాడుతుంది. అయితే దాని అంచు దగ్గర మళ్లీ పుచ్చు పట్టొచ్చు కాబట్టి చిగురు దాకా బ్రష్ చేయాలి.

ముందు వైపు పన్ను పెద్దగా పాడవకపోతే ఫిల్లింగ్ చాలు. నమిలే పళ్లకు మాత్రం క్యాప్ వేయించండి. వెంటనే డబ్బు సర్దుబాటు కాకపోతే, కనీసం రూట్ కెనాల్ అప్పుడు పెట్టిన తాత్కాలిక ఫిల్లింగ్ తీయించి పర్మినెంట్‌ది పెట్టించుకోండి. క్యాప్ పడేదాకా ఆ వైపు గట్టివి నమలొద్దు.