జాగ్రత్త: 'ఇన్‌టు థిన్ ఎయిర్' ఆన్‌లైన్‌లో చవగ్గా వస్తోందని ఎగబడకండి

కోపం ఇంకా దిగలేదు. మాట కాస్త కరుగ్గా వస్తే సర్దుకోండి. ఎవరి దగ్గర కొన్నానో పేరు రాయను. ఆన్‌లైన్‌లో పుస్తకాలు తెప్పించుకునేవాళ్ళకి ఈ రకం అమ్మకందార్లు కొత్త కాదు. సగం ధర, 'వంద శాతం ఒరిజినల్' అని పెద్దక్షరాలు, ఫోటోలో తళతళలాడే అట్ట, కింద బోలెడన్ని నక్షత్రాలు. ఆ బాపతే.

పుస్తకం జాన్ క్రాకవర్ రాసింది. 1996 మే 10న ఎవరెస్ట్ మీద తుఫానులో చిక్కుకున్న జట్లలో ఒకదానితో ఉండి, బతికి బయటపడి, మరుసటి ఏడాది ఆయన అచ్చేయించిన పుస్తకం. మేం కొందరం నెలకో పుస్తకం చదివి మాట్లాడుకుంటాం, ఈసారి వంతు దానిది. అందుకని తొందరపడి బుక్ చేశాను.

పార్సిల్ విప్పగానే తెలియాల్సింది. మిరపకాయ బజ్జీల పొట్లానికి వాడే కాగితం. అట్ట మీద అక్షరాల అంచులు చెదిరిపోయి ఉన్నాయి. మ్యాపు ఉండాల్సిన చోట నల్లటి మరక, సౌత్ కోల్ ఏదో హిల్లరీ స్టెప్ ఏదో దేవుడికే ఎరుక. పోనీలే, అక్షరాలు కనిపిస్తే చాలదా అనుకున్నాను. అంతటి జ్ఞానిని!

అక్షరాలు బాగానే కనిపించాయి. కొన్నయితే రెండేసి సార్లు కనిపించాయి.

చదివినవాళ్ళకి ఆ ఘట్టం గుర్తుండే ఉంటుంది. క్రాకవర్ ఉన్న జట్టు నాయకుడు, న్యూజిలాండ్ గైడు రాబ్ హాల్. ఒంటిగంటకో రెండింటికో ఎక్కడున్నవాళ్ళు అక్కణ్ణుంచి వెనక్కి తిరగాలని అందరికీ చెప్పినవాడు ఆయనే. ఆయన క్లయింటు డగ్ హాన్సెన్ శిఖరం మీదికి చేరేసరికి సాయంత్రం నాలుగు దాటింది. అంతకుముందు ఏడాది ఇదే హాన్సెన్‌ని శిఖరం ఇంకాస్త దూరంలో ఉండగా హాల్ వెనక్కి తిప్పి తీసుకొచ్చాడు. రెండోసారి ఆ మాట అనలేకపోయాడేమో. తుఫాను కమ్మింది. మర్నాడు హాల్ ఒక్కడే శిఖరానికి కాస్త కిందున్న సౌత్ సమిట్ దగ్గర, కదల్లేని స్థితిలో, రేడియోలో మాట్లాడుతున్నాడు. కిందివాళ్ళు దిగి రమ్మని బతిమాలుతున్నారు. ఏడు నెలల గర్భిణి అయిన భార్యకి న్యూజిలాండ్‌లో శాటిలైట్ ఫోన్ కలిపారు. చేతులు వణుకుతుండగా పేజీ తిప్పాను.

ఖుంబు ఐస్‌ఫాల్. బేస్ క్యాంపు దాటగానే, ఎక్కడం మొదట్లోనే వచ్చే మంచు పగుళ్ళ దారి. అల్యూమినియం నిచ్చెనలు. క్రాకవర్ మొదటిసారి దాన్ని దాటుతున్నాడు.

నిద్రమత్తులో పేజీలు ఎక్కువ తిప్పేశానేమో అని వెనక్కి వెళ్ళి చూశాను. లేదు. ముందెప్పుడో చదివేసిన ఫారం (కలిపి అచ్చేసి మడిచే పేజీల కట్ట) ఒకటి మొత్తంగా తెచ్చి ఇక్కడ మళ్ళీ అంటించారు. ఇక్కడ రావాల్సిన ఫారం పుస్తకంలో ఎక్కడా లేదు. అంటే హాల్ తన భార్యతో ఏం మాట్లాడాడో లేదు. పుట్టబోయే బిడ్డకి ఇద్దరూ కలిసి సారా అని పేరు పెట్టుకున్న మాట లేదు. ఆ వెనకే టిబెట్ వైపు నుంచి ఎక్కిన మన ఐటీబీపీ (ఇండో-టిబెటన్ బోర్డర్ పోలీస్) జట్టు అధ్యాయం రావాలి. అదే తుఫానులో పోయిన ముగ్గురు లడఖ్ వాళ్ళు, త్సేవాంగ్ సమన్లా, దోర్జే మొరుప్, త్సేవాంగ్ పల్జోర్. నా ప్రతిలో ఆ ముగ్గురూ ఎవరెస్ట్ ఎక్కనేలేదు!

ఇన్‌వాయిస్ మీదున్న నంబరుకి ఫోన్ చేశాను. ఎవరో అబ్బాయి ఎత్తాడు. తెలుగే మాట్లాడాడు, ఇంకా నయం అనుకున్నాను. ఫలానా పేజీ నుంచి ఫలానా పేజీ దాకా లేవు బాబూ అని ఓపిగ్గా చెప్పాను. అవతల టీవీ మోగుతోంది. అంతా విని ఆ పుణ్యాత్ముడు అన్న మాట ఇది:

"మేడమ్, పోయినోళ్ళు ఎట్లాగూ పోయిండ్రు కదా. నాలుగు పేజీలు లేకుంటే ఏమైతది? కథ మారుతదా?"

ఒక్క క్షణం నాకు నోట మాట రాలేదు. తప్పయింది మేడమ్, ఇంకోటి పంపిస్తాం అంటే ఈ పోస్టే ఉండేది కాదు. పైరసీ సరుకే పంపినా, కనీసం అబద్ధమైనా గౌరవంగా ఆడొచ్చు కదా! పైగా సలహా ఒకటి: "క్లైమాక్స్ కావాలంటే సినిమా ఉంది, చూసుకోండి." ఆ బాబుకి తెలియని సంగతేంటంటే, 2015లో వచ్చిన ఆ 'ఎవరెస్ట్' సినిమాని క్రాకవరే పచ్చి అబద్ధమని బాహాటంగా కొట్టిపారేశాడు. రాత్రి తన టెంటుకి ఎవరో వచ్చి సాయమడిగినట్టు, తను రాలేనన్నట్టు అందులో చూపించారు. అలాంటిదేమీ జరగలేదని ఆయన వాదన. పుస్తకంలో చిరిగిన చోట సినిమా ముక్క అతికించుకోమంటున్నాడు మన వ్యాపారి.

"డబ్బులు వెనక్కి ఇవ్వు" అన్నాను. "రిటర్న్ టైమ్ అయిపోయింది మేడమ్" అని పెట్టేశాడు. నిజమే, అయిపోయింది. పుస్తకం వచ్చిన రోజే చివరిదాకా చదివేసి పేజీలు లెక్క చూసుకోవాలన్న తెలివి నాకెక్కడిది.

అసలు దెబ్బ మా సమావేశంలో తగిలింది. ఈ పుస్తకం గురించి చదువరులు రెండు పార్టీలని మీకు తెలుసు. అదే రోజు ఎక్కిన ఇంకో జట్టు, స్కాట్ ఫిషర్ నడిపిన దాని గైడు అనతోలీ బుక్రేయెవ్ ఆక్సిజన్ పెట్టుకోకుండా ఎక్కాడు, క్లయింట్ల కంటే ముందే దిగిపోయాడు, అది గైడు చేయాల్సిన పని కాదు అని క్రాకవర్ తప్పుపట్టాడు. అదే బుక్రేయెవ్ ఆ రాత్రి ఒంటరిగా తుఫానులోకి మళ్ళీ వెళ్ళి ముగ్గుర్ని మోసుకొచ్చినంత పని చేశాడు, ఆ సంగతీ క్రాకవరే రాశాడు. ముందే దిగడం ఫిషర్‌కి తెలిసి జరిగిందేనని బుక్రేయెవ్ 'ద క్లైమ్' అనే పుస్తకంలో జవాబిచ్చాడు. 1997 డిసెంబర్‌లో అమెరికన్ ఆల్పైన్ క్లబ్ ఆయనకి సాహస పురస్కారం ఇచ్చింది, అదే నెల 25న అన్నపూర్ణ పర్వతం మీద మంచుచరియ విరిగిపడి పోయాడు. నాది బుక్రేయెవ్ పార్టీ. అందుకని అందరి ముందూ గట్టిగా అడిగాను: ఇన్ని ఆరోపణలు చేసిన పెద్దమనిషి, ఆ రెండో పుస్తకం వచ్చాక కిక్కురుమనలేదేం?

ఎదురుగా కూర్చున్న రిటైర్డ్ లెక్చరర్ గారు తన ప్రతి చివర తెరిచి నా ముందు పెట్టారు. తర్వాతి పేపర్‌బ్యాక్ ముద్రణల్లో క్రాకవర్ పొడుగాటి అనుబంధం చేర్చాడు, అంతా ఆ జవాబే! నా ప్రతి అంతకుముందే ఆగిపోయింది. నేను అడిగిన ప్రశ్నకి సమాధానం నా పుస్తకంలోంచి ఎగరగొట్టి అమ్మారన్నమాట. కథ మారుతదా అని అడిగాడే, మారింది నాయనా.

మాలో మలావత్ పూర్ణ అంటే ప్రాణమిచ్చే అమ్మాయి ఒకతె ఉంది. నిజామాబాద్ జిల్లా పాకాల నుంచి వెళ్ళి 2014 మే 25న, పధ్నాలుగేళ్ళైనా నిండకుండా, టిబెట్ వైపు నుంచే ఎక్కిన పిల్ల కదా పూర్ణ. ఆ దారిలోనే పోయిన మనవాళ్ళ గురించి క్రాకవర్ రాసింది సరిపోయిందా లేదా అని ఆ అమ్మాయి అడిగితే అందరూ ఏదో ఒకటి అన్నారు. నేను టీ తాగుతూ కూర్చున్నాను. నాకా అధ్యాయమే లేదుగా!

ఇంటికొచ్చి ఆ నక్షత్రాలన్నీ ఈసారి తీరిగ్గా చదివాను. ఊపిరి బిగబట్టి చదివించిందని ఒకరు, క్రాకవర్‌కి పొగరెక్కువని ఒకరు, చచ్చిపోయాడనుకుని వదిలేసిన బెక్ వెదర్స్ లేచి నడిచొచ్చిన చోట ఏడ్చానని ఇంకొకరు. అన్నీ పుస్తకం మీద. వేర్వేరు ముద్రణలకీ, వేర్వేరు అమ్మకందార్లకీ వచ్చిన అభిప్రాయాలన్నీ ఒకే రాశిగా పోసి పెడుతున్నారు. అసలు ప్రచురణకర్త ప్రతికి ఎవరో ఇచ్చిన మెచ్చుకోలు ఈ దొంగ ప్రతి కింద కూడా కనిపిస్తుంది. అడుగున ఎక్కడో ఒకే ఒక్క నక్షత్రంతో 'పేజీలు లేవు' అని ఒకాయన రాశాడు. రెండు మాటలే. మొదలే కిందిదాకా వెళ్ళి చూసుంటే!

అబిడ్స్‌లో ఆదివారం ఫుట్‌పాత్ మీద కూడా ఇలాంటి ప్రతులుంటాయి, కాదనను. కానీ అక్కడ నిలబడి పేజీలు తిరగేసుకోవచ్చు, బేరమాడొచ్చు, అమ్మేవాడు కూడా ఇంకాస్త మర్యాదగా మాట్లాడతాడు.

కొనేవాళ్ళకి: తక్కువ నక్షత్రాలవి ముందు చదవండి. వచ్చిన రోజే చివరి పేజీలూ, మధ్యలో పేజీ నంబర్ల వరసా చూసుకోండి. విప్పేటప్పుడు వీడియో తీసి పెట్టుకోండి. నేను 1915కి, అదే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌కి, ఫిర్యాదు పెట్టాను. రాబ్ హాల్ రేడియో దగ్గరే మీ ప్రతి కూడా ఖుంబుకి తిరిగెళ్ళిపోతే ఇక్కడ చెప్పండి, ఇన్‌వాయిస్ మీది పేరు ఒకటేనేమో చూసుకుందాం.