అమెరికా చీటీ, మారతహళ్ళి మందుల షాపు

బెంగళూరులో మారతహళ్ళి వంతెనకు దగ్గరలో, మా సందు మొదట్లో ఉన్న ఈ మందుల షాపుకు ఏసీ గానీ, డిస్కౌంటు బోర్డు గానీ లేవు. అయినా అమెరికాలో పిల్లల దగ్గర కొన్ని నెలలు ఉండి వచ్చిన తెలుగు పెద్దవాళ్ళు అక్కడి మందు సీసాలు పట్టుకుని ఇక్కడికే వస్తారు. అందుకు కారణం కౌంటరులో కూర్చునే ఫార్మసిస్టు గారే.

ప్రపంచ ఆరోగ్య సంస్థ మందుల అంతర్జాతీయ జెనెరిక్ పేర్ల (అంటే కంపెనీ పెట్టుకున్న బ్రాండు పేర్లు కాకుండా అసలు మందు పేర్ల) తొలి జాబితాను 1953లోనే ప్రచురించినా, అమెరికా కొన్ని మందులకు తన సొంత పేర్లనే ఉంచుకుంది. మన పారాసెటమాల్ అక్కడ ఎసిటమినోఫెన్, ఉబ్బసానికి పీల్చే సాల్బ్యుటమాల్ అక్కడ ఆల్బ్యుటెరాల్, క్షయకు వాడే రిఫాంపిసిన్ అక్కడ రిఫాంపిన్. అమ్మ తెచ్చుకున్న ఇన్‌హేలర్ పేరును అంతకుముందు ఒక పెద్ద షాపులో కంప్యూటరులో కొట్టి చూసి, “ఇండియాలో రాదండి” అని తేల్చేశారు. ఈ ఫార్మసిస్టు గారు పెట్టె మీది అక్షరాలు చదివి, ఒక్కో పీల్పుకు ఎన్ని మైక్రోగ్రాములో సరిచూసి, సాల్బ్యుటమాల్ అని కాగితం మీద రాసిచ్చారు.

నాకు నమ్మకం కుదిరింది మాత్రం షుగరు బిళ్ళల విషయంలో. నారింజ రంగు సీసా మీద గ్లైబురైడ్, మైక్రోనైజ్డ్, 3 మిల్లీగ్రాములు అని ఉంది. “ఇది మన గ్లిబెన్‌క్లమైడేనమ్మా, కానీ మీది మరీ మెత్తటి పొడితో చేసిన రకం, ఒంటికి పట్టే తీరు వేరు. మన 5 మిల్లీగ్రాముల బిళ్ళను లెక్కేసుకుని విరుచుకోవద్దు, ఇక్కడి డాక్టరు గారి చేత డోసు కొత్తగా రాయించుకు రండి” అని, చేతికొచ్చే బేరాన్ని వదులుకుని మమ్మల్ని పంపేశారు. పేరు పోల్చడం ఇంటర్నెట్టు చూసి ఎవరైనా చేయగలరు గానీ, పేరు కలిసినా మోతాదు కలవని చోట ఆగమని చెప్పడానికి చదువు కావాలి.

అక్కడి టైలెనాల్, ఇక్కడి డోలో బ్రాండ్లు రెండూ పారాసెటమాలేననీ, ఒకటి జ్వరానికీ ఇంకొకటి ఒళ్ళు నొప్పులకూ అనుకుని కలిపి మింగితే కాలేయానికి ముప్పనీ అడక్కుండానే హెచ్చరించారు. మా అపార్టుమెంటులో ఈ మాట తెలియాల్సిన వాళ్ళు చాలామందే ఉన్నారు.

లోపాలు లేకపోలేదు. బిల్లు మీద బ్రాండు పేరే అచ్చవుతుంది, జెనెరిక్ పేరు ఉండదు; ఇన్ని పేర్లు తెలిసిన షాపు ఆ మాత్రం సరిదిద్దుకోవచ్చు. సాయంత్రం ఆవిడ వెళ్ళాక ఉండే కుర్రవాళ్ళు మర్యాదస్తులే గానీ ఇలాంటి సందేహాలు తీర్చలేరు. అందువల్ల విదేశీ మందు గురించి అడగాలనుకునేవారు పొద్దుటి పూటే వెళ్ళడం, విడి బిళ్ళలు కాకుండా లేబులున్న సీసానే తీసుకెళ్ళడం మంచిది.