ఎనిమిదేళ్ళలో నాలుగు హెడ్‌ఫోన్లు అమ్మా, ఒకటి మాత్రం మళ్ళీ కొని తెచ్చుకున్నా

ముందే చెప్పేస్తా, ఇది సెన్‌హైజర్ కంపెనీ హెచ్‌డి 600 హెడ్‌ఫోన్ గురించి. 2017లో బెంగళూరులో ఒకాయన దగ్గర సెకండ్ హ్యాండ్‌లో 16 వేలకు తీసుకున్నా. మధ్యలో అమ్మేశా. మళ్ళీ అదే ముక్కను, అమ్మిన రేటుకంటే రెండు వేలు ఎక్కువిచ్చి తెచ్చుకున్నా. ఈలోగా నా చేతుల మీదుగా ఇంకో మూడు హెడ్‌ఫోన్లు వచ్చి పోయాయి. వాటి పేర్లు చెప్పను, ఎందుకంటే కొన్నవాళ్ళంతా కడప, ప్రొద్దుటూరు మనుషులే, ఇది చదివితే నేరుగా ఫోన్ చేస్తారు.

హెడ్‌ఫోన్ ఎందుకు అమ్మావని ఎవర్నైనా అడిగి చూడండి, సౌండ్ గురించే చెబుతారు. ట్రెబుల్ (సన్నటి పై శబ్దాలు) గుచ్చుతోందనో, బేస్ (కింది మోత) బురదలా ఉందనో, స్టేజ్ (వాయిద్యాలు విడివిడిగా పరుచుకున్నట్టు వినపడే చోటు) ఇరుకనో. నేనూ అవే చెప్పి అమ్మాను. నిజం చెప్పాలంటే నేను సౌండ్ బాగాలేక అమ్మినది ఒక్కటి కూడా లేదు.

మొదట పోయింది క్లోజ్డ్ బ్యాక్ జత. చెవుల చుట్టూ లెదర్‌లాంటి ప్యాడ్, బయటి చప్పుడు లోపలికి రాదు, లోపలిది బయటికి పోదు. బేస్ బ్రహ్మాండం. మా వీధిలో కొళాయి నీళ్ళు రోజు మార్చి రోజు వస్తాయి, అదీ పొద్దున ఒక ముక్కాలు గంట. మా ఆవిడ పుట్టింటికి పోతూ పోతూ నీళ్ళు పట్టమని రెండుసార్లు చెప్పి పోయింది. నేను ఆ పొద్దున హెడ్‌ఫోన్ పెట్టుకుని మృదంగం తని ఆవర్తనం వింటూ కూర్చున్నా, పక్కింటాయన గోడ మీంచి కేకేశాడంట, గేటు కొట్టాడంట, నాకేం తెలుసు. లేచి చూస్తే కొళాయి కింద బకెట్ ఎండిపోయి ఉంది, ఆ రోజుకు ట్యాంకర్ పిలిపించుకున్నా. దానికి తోడు మే నెలలో కడప ఎట్లుంటాదో చెప్పక్కర్లేదు, 43 డిగ్రీల్లో ఆ ప్యాడ్లు పెట్టుకుంటే పావుగంటకు చెవుల వెనక నుంచి చెమట కారి మెడ మీదికొస్తుంది. కొన్నాయనకు మాత్రం "బేస్ కొంచెం ఎక్కువ సార్, నాకు న్యూట్రల్ ఇష్టం" అన్నా. న్యూట్రల్ అంటే ఏమని ఆయన అడగలేదు, బతికిపోయా.

అప్పుడు అర్థమైంది, మా ఇంటికి సరిపోయేది ఓపెన్ బ్యాక్ అని. హెచ్‌డి 600కు కప్పుల బయట జల్లెడలాంటి మెటల్ గ్రిల్ తప్ప అడ్డం ఏమీ లేదు. గాలి ఆడుతుంది, ప్యాడ్లు వెల్వెట్ లాంటి గుడ్డవి కాబట్టి చెమట పట్టినా అతుక్కోదు. ఇంట్లో పిలిస్తే వినపడుతుంది, కుక్కర్ విజిల్ లెక్కపెట్టొచ్చు. నష్టం కూడా అదే. ఎయిర్ కూలర్ రొద అంతా లోపలికొస్తుంది, పక్కన పడుకున్న మనిషికి మీ పాటంతా వినపడుతుంది. వేసవిలో కూలర్ ఆపితే చెమట, వేస్తే రొద. నేను ఏప్రిల్ నుంచి జూన్ దాకా తెల్లవారుజామున నాలుగున్నరకు లేచి వింటా, అప్పుడు ఫ్యాన్ రెండో నంబర్‌లో చాలు.

స్పీకర్లు కొనుక్కోవచ్చు కదా అనేవాళ్ళున్నారు. మా ఇంట్లో కింద పరిచింది కడప బండలు, గోడలు ఖాళీ, కర్టెన్లు పల్చటివి. ఆ గదిలో చప్పట్లు కొడితే చప్పట్లు తిరిగొస్తాయి. అందులో ఎంత పెట్టి స్పీకర్లు కొన్నా ముందు వినపడేది బండలే.

రెండోది 250 ఓమ్‌ల (ఓమ్ అంటే కరెంటుకు అడ్డం ఎంతో చెప్పే లెక్క) స్టూడియో హెడ్‌ఫోన్, ఇది కూడా ఓపెన్ బ్యాకే. తాళాలు, గజ్జెలు, వయొలిన్ బో రాసుకుపోయే చప్పుడు చెవి పక్కనే ఉన్నట్టుండేది. బాలు గారి పాటల్లో 'స' వచ్చినచోట మాత్రం కొంచెం చురుక్కుమనేది, ముఖ్యంగా ఎనభైల పాటల్లో. గొంతులో ఈ స, శ, ష ల ఈల ఎక్కువగా ఉండేది 5 నుంచి 8 కిలోహెర్ట్జ్ మధ్య. ఆ ప్రాంతాన్ని హెడ్‌ఫోన్ కూడా పెంచితే రెండూ కలిసి గుచ్చుతాయి. అయితే ఇది పెద్ద రోగం కాదు. లాప్‌టాప్‌లో ఏ శబ్దం ఎంతుండాలో సర్దుకునే ఈక్వలైజర్ ఏపీఓ అనే సాఫ్ట్‌వేర్ ఉచితంగా దొరుకుతుంది, ఎనిమిది వేల హెర్ట్జ్ దగ్గర ఒక నాలుగైదు డెసిబెల్స్ తగ్గిస్తే సరిపోయింది. పది నిమిషాల పని. రెండేళ్ళు అట్లే హాయిగా విన్నా. అయినా అమ్మేశా, కారణం ఏం చెప్పానంటే ట్రెబుల్!

అసలు సంగతి, ఒక ఫ్రెండు తన ప్లానర్ హెడ్‌ఫోన్ రెండు రోజులు వినమని ఇచ్చిపోయాడు. ఇంక నిద్ర పట్టలేదు. ప్లానర్‌లో మామూలు డ్రైవర్‌లా (డ్రైవర్ అంటే లోపల చప్పుడు పుట్టించే భాగం) కోన్ వెనక కాయిల్ ఉండదు, పల్చటి పొర మీదే తీగలు ముద్రించినట్టు ఉంటాయి, పక్కనున్న అయస్కాంతాలు పొరంతటినీ ఒకేసారి ఆడిస్తాయి. బేస్ కింద దాకా దిగుతుంది, డోలు దెబ్బ పొట్టలో తగిలినట్టుంటుంది. సెకండ్ హ్యాండ్‌లో 24 వేలు చెప్పారు. ఇంట్లో అడిగే ముఖం లేదు. కాబట్టి 2021 జనవరిలో స్టూడియో జతను ప్రొద్దుటూరు పిల్లోడికి 9 వేలకు, హెచ్‌డి 600ను అనంతపురంలో నా క్లాస్‌మేట్‌కు 13 వేలకు ఇచ్చేశా.

ఆ పిల్లోడు ఏడు రోడ్ల దగ్గర హోటల్‌కు రమ్మన్నాడు. కారం దోశ చెప్పుకుని కూర్చున్నాం. వాడు చేతులు కడుక్కుని, కర్చీఫుతో తుడుచుకుని, మళ్ళీ ప్యాంటుకు ఒకసారి తుడుచుకుని, అప్పుడు పెట్టుకున్నాడు. ఫోన్‌కు డాంగిల్ (హెడ్‌ఫోన్ గుచ్చుకునే చిన్న అడాప్టర్) తగిలించి రెండు పాటలు విన్నాడు, కళ్ళు మూసుకుని. తీసి, కేబుల్ మొదట్లో వేలితో నొక్కి చూసి, హెడ్‌బ్యాండ్ లోపలి వైపు తిప్పి చూసి, "బాగనే ఉంది కదన్నా, ఏంటికి అమ్ముతాండావ్?" అన్నాడు. నేను "వాడడంలేదప్పా" అన్నా. వాడు నా ముఖంలోకే చూసినాడు. ముందురోజు రాత్రి పదకొండు దాకా దాంట్లోనే విన్నా, ప్యాడ్లు ఇంకా వెచ్చగానే ఉండుంటాయి.

ప్లానర్ వచ్చింది. మొదటి వారం పండగే, అబద్ధం చెప్పను. హెచ్‌డి 600లో ఎప్పుడూ వినపడని కింది స్వరాలు వినపడ్డాయి. తూకం మాత్రం 420 గ్రాములు. ఇరవై నిమిషాలకు నడినెత్తి మీద ఒక రూపాయి బిళ్ళంత చోట నొప్పి మొదలయ్యేది. సర్దుకోవడం, తీయడం, నీళ్ళు తాగడం, మళ్ళీ పెట్టుకోవడం. ఎనిమిది నెలల్లో ఒక్క కచేరీ కూడా మొదట్నుంచి చివరిదాకా ఏకబిగిన వినలేదని తర్వాతెప్పుడో లెక్కేసుకుంటే తెలిసింది. రెండు నిమిషాల ముక్కలే వినేవాణ్ణి, ఎవరైనా ఇంటికొస్తే ఇది విను, అది విను అని చూపించడానికి.

సెప్టెంబర్‌లో పెళ్ళి పనిమీద అనంతపురం పోయినప్పుడు టవర్‌క్లాక్ దగ్గర ఆ క్లాస్‌మేట్ ఇంటికి వెళ్ళా. మిద్దె మీద గదిలో, బీరువా హ్యాండిల్‌కు తగిలించి ఉంది నా హెచ్‌డి 600, మీద సన్నగా దుమ్ము. వాడికి తీరిక లేదంట. పెట్టుకుని ఘంటసాల గారి పద్యం ఒకటి వేశా. ఆ కాలం రికార్డింగులు మోనో కదా, గొంతు సరిగ్గా తల మధ్యలో నిలబడుతుంది, ఇటూ అటూ జరగదు. రాగం ఎత్తుకునే ముందు ఆయన ఊపిరి పీల్చుకోవడం, పాదం చివర అక్షరాన్ని వదలకుండా పట్టుకోవడం, అన్నీ ఒక మనిషి ఎదురుగా కూర్చుని పాడుతున్నంత మామూలుగా ఉన్నాయి. ఇంకోటి, ఇంకోటి అంటూ పోయా. వాళ్ళమ్మ ఉగ్గాని, బజ్జీ పెట్టి పోయింది, నేను చూసేసరికి బజ్జీలు చల్లారి మెత్తబడిపోయాయి. గంటన్నర అయింది. తల మీద ఏదో ఉందన్న సంగతే గుర్తు రాలేదు.

వెనక్కిస్తావా అని అడిగా. వాడు నవ్వి 15 వేలు అన్నాడు. దుమ్ము కూడా తుడవలేదు గానీ రెండు వేలు పెంచాడు. ఇచ్చేశా. ప్లానర్ మరుసటేడు జూన్‌లో పోయింది, పాప స్కూలు ఫీజుకు. కొన్నాయనకు "అప్‌గ్రేడ్ అవుతున్నా" అని చెప్పా.

ఇక ఈ హెచ్‌డి 600 ఇన్నేళ్ళు ఎందుకు నిలబడిందంటే, నా లెక్కలో సగం కారణం విడి భాగాలు. ఈ మోడల్ 1997లో వచ్చింది. 2003లో హెచ్‌డి 650 వచ్చింది, తర్వాత ఇంకా వచ్చాయి, కానీ దీన్ని మానేయలేదు, 2022లో ఆ కంపెనీ కన్‌స్యూమర్ విభాగం సోనోవా చేతికి పోయాక కూడా తయారీ ఆగలేదు. ప్యాడ్లు, తల మీది కుషన్, కేబుల్, గ్రిల్, లోపలి స్పాంజ్ ఏది కావాలన్నా విడిగా దొరుకుతుంది, 650 ప్యాడ్లు దీనికీ సరిపోతాయి. నాది పాత రకం, నీలం బూడిద కలిసిన మచ్చల పెయింట్‌ది. మా నాన్న దాన్ని చూసి "ఏందిరా ఇది, గ్రానైట్‌తో చేసినారా" అన్నాడు. బరువు మాత్రం కేబుల్ వదిలేస్తే 260 గ్రాములే.

2023లో ప్యాడ్లు మార్చా. ఎన్నేళ్ళ నుంచి ఉన్నవో తెలియదు, నొక్కితే మళ్ళీ లేవడం మానేశాయి. ప్యాడ్ అణిగిపోతే చెవి డ్రైవర్‌కు దగ్గరవుతుంది, అప్పుడు సౌండ్ కూడా మారుతుంది, అది రోజూ కొంచెం కొంచెంగా జరుగుతుంది కాబట్టి మనకు తెలీదు. చాలామంది ఆ స్థితిలోనే "బోర్ కొట్టింది" అని అమ్మేస్తారని నా అనుమానం. మధ్యాహ్నం పూట బండల మీద కూర్చుని, పాప పట్టుకుంటే నేను పాత ప్యాడ్ అంచు కింద గోరు పెట్టి పైకి లాగా. ఒక్కో గుబ్బా ఊడుతుంటే టక్ టక్ మని చప్పుడు, ఇరిగిపోయిందేమో అని పాప చెయ్యి వదిలేసింది. అదృష్టం కొద్దీ నా ఒళ్ళో పడింది, కడప బండ మీద పడుంటే ఈ సమీక్ష ఇక్కడితో అయిపోయేది. కొత్తవి చుట్టూ నొక్కితే కూర్చున్నాయి, స్క్రూడ్రైవర్ అక్కర్లేదు. పెట్టుకుని వింటే మొదట నచ్చలేదు. తలను గట్టిగా నొక్కుతోంది, గొంతు ఒక అడుగు వెనక్కి పోయినట్టుంది. నాలుగు రోజులకు అలవాటైపోయింది. వంద గంటలు ఆడిస్తే సౌండ్ విచ్చుకుంటుందని చెప్పేవాళ్ళ మాటల్లో ఎక్కువ భాగం ఇదే అనుకుంటా, ప్యాడ్ మెత్తబడడం, చెవి అలవాటుపడడం.

యాంప్ (హెడ్‌ఫోన్‌కు సౌండ్ పెంచి ఇచ్చే డబ్బా) గురించి రోజూ ఎవరో ఒకరు అడుగుతారు. హెచ్‌డి 600ది 300 ఓమ్‌లు అనగానే భయపడిపోతారు. కంపెనీ లెక్క ప్రకారం 1 వోల్ట్ ఇస్తే 97 డెసిబెల్స్, అంటే 300 ఓమ్‌లకు 3 మిల్లీవాట్ల పైచిలుకు మాత్రమే. దీనికి కావాల్సింది వోల్టేజ్, కరెంట్ పెద్దగా అక్కర్లేదు. ఆపిల్ చిన్న డాంగిల్ 1 వోల్ట్ దాకా ఇస్తుంది, యూరప్‌లో అమ్మేది సగమే. గదిలో మామూలుగా వినడానికి లాప్‌టాప్, డాంగిల్ చాలు. కచేరీ రికార్డింగులు మెల్లగా ఉంటాయి కాబట్టి వాటికి మాత్రం ఇంకో 10 డెసిబెల్స్ మిగులు ఉంటే మంచిది, అంటే 3 వోల్టులు, చిన్న యాంప్ ఏదైనా ఇస్తుంది. నేను మొదట్లో 12 వేలు పెట్టి యాంప్ కొన్నా. తేడా వెతుక్కుని వెతుక్కుని విన్నా. ఇప్పుడు దాని మీద చెంబు పెడతాం.

బేస్ కావాలనుకునేవాళ్ళు దీని జోలికి రావద్దు. ఓపెన్ బ్యాక్, పైగా డైనమిక్ డ్రైవర్ (మామూలు కాయిల్ రకం) కాబట్టి 60 హెర్ట్జ్ కిందికి పోయేకొద్దీ పల్చబడుతుంది, తీన్‌మార్ దరువు ఇందులో టేబుల్ మీద వేళ్ళతో కొట్టినట్టుంటుంది. సినిమాలకు వద్దు, బస్సులో అసలే వద్దు. గొంతులకు, వీణకు, వయొలిన్‌కు, పాత రికార్డులకు తీసుకోండి. పాతది కొంటుంటే కేబుల్ రెండు వైపులా పీకి పెట్టి, వేలితో కదిపి, సౌండ్ తెగుతోందేమో చూడండి. హెడ్‌బ్యాండ్ పూర్తిగా బయటికి లాగి పగుళ్ళు వెతకండి. ప్యాడ్లు ఎంత పాతవైనా పర్వాలేదు, వాటి రేటు తగ్గించి బేరమాడండి.

పోయిన నెల ప్రొద్దుటూరు పిల్లోడు ఫోన్ చేశాడు. ఇప్పుడు బెంగళూరులో ఉద్యోగమంట. ఆ స్టూడియో జత అమ్ముతాడంట, ముందు నన్నే అడుగుదామని చేశాడంట. ఏంటికప్పా అన్నా. "వాడడంలేదన్నా" అన్నాడు. ఇద్దరం కాసేపు ఏం మాట్లాడలేదు. ఆరున్నర వేలు చెప్పినాడు. రెండు రోజులు ఆలోచించి వద్దన్నా, కానీ మొదటి రోజు యాంప్ మీది చెంబు తీసి, దాన్ని అమ్మితే ఎంతొస్తుందా అని చూసుకున్న మాట నిజం.