వాల్‌ఐ చేపకు లాస్ట్ మౌంటెన్ సరస్సా, డీఫెన్‌బేకర్ జలాశయమా?

కెనడాలోని సస్కాచెవాన్ మైదానాల్లో వాల్‌ఐ చేపకు గాలం వేయదలచినవారికి నేను ముందుగా చెప్పేది రెజైనా నగరానికి వాయవ్యంగా ఉన్న లాస్ట్ మౌంటెన్ సరస్సే. ఈ చేప కంటి లోపల వెలుగును తిప్పికొట్టే పొర ఉండటం వల్ల, టార్చి వేస్తే ఆ కన్ను వెండి బిళ్ళలా మెరుస్తుంది. మసక వెలుతురులోనూ చిన్న చేపలు దానికి చక్కగా కనబడతాయి గనుక, పొద్దువాలాక అది లోతు వదిలి ఒడ్డు దగ్గరి రాళ్ళ మీదికి మేతకు వస్తుంది. అప్పుడు పడవ లేకుండానే, గట్టున నిలబడి పట్టవచ్చు.

1967లో పూర్తయిన గార్డినర్ ఆనకట్ట వెనుక నిలిచిన డీఫెన్‌బేకర్ జలాశయం సుమారు 225 కిలోమీటర్ల పొడవైనది, చాలా లోతైనది. నీటిమట్టం ఋతువును బట్టి మారుతుంది కాబట్టి, నిరుడు చేప పడిన చోటే ఈ ఏడూ పడుతుందన్న నమ్మకం లేదు. పడవ, లోతు చూపే సోనార్ రెండూ ఉన్నవారికే దానిని సూచిస్తాను.