లాంబ్డా గుర్తా, ‘లామ్’ అనే పేరా?

రుషికొండలో కూర్చుని, లోతు నీటిలో కెరటం వేగం లెక్కగట్టే చిన్న ప్రోగ్రాం రాశాను. ముందు పైథాన్‌లో, తర్వాత జూలియాలో; రెండూ ప్రోగ్రామింగ్ భాషలే. సూత్రం ఒకటే: గురుత్వ త్వరణాన్ని తరంగదైర్ఘ్యంతో (దాని గుర్తు గ్రీకు అక్షరం ‘లాంబ్డా’, λ) గుణించి, రెండు ‘పై’లతో భాగించి, వర్గమూలం తీయాలి.

పైథాన్‌లో ‘లాంబ్డా’ అనే మాట భాషే సొంతానికి దాచుకుంది. అందుకే ‘లామ్’ అని రాశాను. ఆ తొందరలో 2 ఇంటూ ‘పై’ చుట్టూ బ్రాకెట్లు మర్చిపోయాను. భాగించాల్సిన ‘పై’తో గుణించేసింది! వేగం మూడు రెట్లు దాటింది. సునామీ వస్తోందేమో అనుకున్నా.

జూలియాలో వర్గమూలం గుర్తు √ నేరుగా రాయొచ్చు. 2 పక్కన ‘పై’ గుర్తు పెడితే రెండూ కలిపి ఒకే ముక్క, బ్రాకెట్లతో పనిలేదు. పుస్తకంలో సూత్రం పక్కన పెట్టి సరిచూసుకోవచ్చు.

గ్రీకు అక్షరాల పేర్లు పైథాన్ 3 కూడా ఒప్పుకుంటుంది, √ మాత్రం కుదరదు. టైపింగ్‌లో మాత్రం పైథాన్‌దే సుఖం. జూలియాలో ఒక్కో గుర్తుకీ బ్యాక్‌స్లాష్, దాని పేరు, ట్యాబ్ కొట్టాలి. గ్రీకు ‘న్యూ’, ఇంగ్లీషు ‘వీ’ కవలల్లా ఉంటాయి; ఒకదాని బదులు ఇంకోటి పడితే, ఆ తప్పు వెతకడానికి సాయంత్రం పోతుంది.

సూత్రాలున్న ఫైలుకి నా ఓటు గుర్తులకే. మిగతా కోడ్‌కి మామూలు పేర్లు చాలు.